పాత కారుకి పాయింట్లే ఉంచాలా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించాలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నాది నాలుగు సిలిండర్ల పాత కారు, కార్బ్యురేటర్ బండి. వారానికి రెండు మూడుసార్లు బయటికి తీస్తాను. పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్) సెట్ చేసి నెల తిరక్కుండానే మళ్లీ మిస్సింగ్, పికప్ కూడా తగ్గిపోతోంది. విసుగొచ్చి పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ కిట్ వేయిద్దామనుకుంటున్నాను. మంచిదేనంటారా?

జవాబు: కిట్ కొనేముందు డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ఒక్కో ప్లగ్‌కి పంచేది) మూత, లోపల తిరిగే రోటర్ తీసి షాఫ్ట్‌ని రెండు వేళ్లతో పట్టుకుని పక్కకి ఊపి చూడండి. ఆడుతోందంటే దాన్ని పట్టి ఉంచే బుష్ అరిగింది. అప్పుడు మీరు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకు) పాయింట్ల మధ్య 0.4 మి.మీ. గ్యాప్ ఎంత జాగ్రత్తగా పెట్టినా, ఒక్కో సిలిండర్ దగ్గర ఒక్కోలా తెరుచుకుంటుంది. ముందు ఆ పని చేయించండి. కిట్ వేసినా టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, కుదురుగా ఉండాలంటే షాఫ్ట్ బాగుండాలి.

షాఫ్ట్ గట్టిగానే ఉంటే పాయింట్లను వెలుతురులో పెట్టి చూడండి. ఒక ముఖాన చిన్న మొటిమ, రెండో ముఖాన గుంట కనిపిస్తే నా అనుమానం కండెన్సర్ (పాయింట్లు తెరుచుకునేటప్పుడు వాటి మధ్య రవ్వలు రాకుండా చూసేది) మీదే. పాయింట్లను తెరిచే క్యామ్ (షాఫ్ట్ మీద ఉబ్బెత్తు భాగం) మీద రాసుకునే ఫైబర్ ముక్కకి గ్రీజు ఉందా? పొడిగా ఉంటే అది త్వరగా అరిగి గ్యాప్ మూసుకుపోతుంది, స్పార్క్ ఆలస్యమవుతుంది. మీరు చెప్పిన పికప్ తగ్గడం సరిగ్గా ఇలాగే ఉంటుంది. గ్రీజు చుక్కంత చాలు, ఎక్కువైతే పాయింట్ల మీదికి చిమ్ముతుంది. గ్యాప్ మార్చిన ప్రతిసారీ టైమింగ్ కూడా చూసుకోవాలి. చాలామంది ఇది మరిచిపోతారు.

ప్రశ్న: చూశానండీ. షాఫ్ట్ ఆడటం లేదు. క్యామ్ మాత్రం ఎండిపోయి గీతలు పడింది.

ఇంకొకరి జవాబు: క్యామ్‌కి గీతలుంటే కొత్త పాయింట్లనీ తినేస్తుంది. మీ బండికి నేనైతే ఎలక్ట్రానిక్కే వేస్తాను. అందులో రాసుకునే ముక్కే ఉండదు కాబట్టి గ్యాప్ మారదు. నేను నా బండికి వేసి చూశాను, చల్లటి ఉదయం సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది. కానీ మొదటి మాడ్యూల్ (కిట్‌లో పాయింట్ల పని చేసే ఎలక్ట్రానిక్ భాగం) నా చేతుల్లోనే పోయింది. ఏదో వైరు వెతుకుతూ ఇంజిన్ ఆడకుండా తాళం ఆన్‌లోనే చాలాసేపు ఉంచేశాను. ముట్టుకుంటే కాయిల్ (ప్లగ్‌లకి ఎక్కువ వోల్టేజి ఇచ్చేది) చెయ్యి కాలేంత వేడెక్కింది. మీరు అలా చేయకండి.

కాయిల్ ప్రైమరీని (దాని రెండు చిన్న టెర్మినళ్ల మధ్య చుట్టని) మల్టీమీటర్‌తో కొలవండి. సుమారు 3 ఓమ్‌లు ఉంటే మామూలు కాయిల్, 1.5 ఓమ్‌లు ఉంటే బల్లాస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి వెళ్లే కరెంటును తగ్గించేది) నడిచేది. కిట్ కాగితంలో ఏది అడిగారో దానికి కుదరాలి. మరీ పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలపడం) ఉండొచ్చు, దానికి వేరే కిట్ కావాలి. వైర్లు తిరగేస్తే మాడ్యూల్ అక్కడికక్కడే పోతుంది. ప్లగ్ వైర్లు ఉత్త రాగివైతే రెసిస్టెన్స్ వైర్లకి మార్చండి.

తీసిన పాయింట్లనీ కండెన్సర్‌నీ పారేయకండి, ఒక గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకోండి. పాయింట్లు మొరాయిస్తే గరుకు కాగితంతో రుద్ది ఇల్లు చేరొచ్చు. మాడ్యూల్ పోతే దారిలో బాగుచేయడం కుదరదు, పాత సెట్ బిగించుకోవడమే.