క్లాస్ 1 మెడికల్ చేతికి రాకముందే ఫీజు కట్టొచ్చా?

హాలియా రైతు:
మావోడు ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ పాసయిండు. పైలట్ అయితనని పట్టువట్టిండు. దానికి రెండు డాక్టరీ పరీక్షలంట: ట్రైనింగ్ మొదలువెట్టనీకి క్లాస్ 2, నౌకరీ లైసెన్స్‌కు క్లాస్ 1. ట్రైనింగ్ స్కూలోళ్లు "క్లాస్ 2 మెడికల్ ఉంటే చాలు, మొదటి వాయిదా ఈ నెలల్నే కట్టుండ్రి, క్లాస్ 1 సంగతి తర్వాత చూసుకోవచ్చు" అంటున్నరు. ఆ వాయిదాకే సాగర్ ఎడమ కాల్వ కింద ఎకరం అమ్మాలె. ముందుగాల క్లాస్ 1 చేపియ్యాల్నా, వాళ్లు చెప్పినట్టు పోవాల్నా? అనుభవం ఉన్నోళ్లు చెప్పుండ్రి.

దేవరకొండ ట్రైనీ:
కాకా, కట్టకుండ్రి. నేను కట్టి తిప్పలు పడ్డోన్ని. క్లాస్ 2ల రంగులు గుర్తువడ్తనా లేదా అని చుక్కల పుస్తకం చూపెట్టి అండ్ల అంకెలు చదవమన్నరు, రక్తం, ఈసీజీ చూసిన్రు, అయిపోయింది. 110 గంటలు ఎగిరినంక క్లాస్ 1కి పోయిన. అల్ట్రాసౌండ్ తీస్తున్న డాక్టర్ కుడి పక్కన ఒక్కకాడ మిషన్ ఆపి మూడుసార్లు కొలిచిండు. కిడ్నీల 4 మిల్లీమీటర్ల రాయి. నాకు ఒక్కనాడు కూడ నొప్పి లెవ్వలే! కాయితం మీద 'టెంపరరీ అన్‌ఫిట్' అని రాసిన్రు. రాయి పోయిందని స్కాన్ చూపెట్టి, రివ్యూ అయ్యి, మళ్ల విమానం ఎక్కేసరికి ఐదు నెలలు. హాస్టల్ కిరాయి మాత్రం నెలనెల కట్టిన. ఎండలల్ల, బోరు నీళ్ల మీద పెరిగినోళ్లం, మన దిక్కు కిడ్నీల రాళ్లు ఇంటింటికి ఉంటయి. స్కాన్‌కు ఎంతయితది, ఎకరం ఎంత?

పాలమూరు రిటైర్డ్ ఇన్‌స్ట్రక్టర్:
తమ్ముడి బాధ నిజమే. కానీ స్కూలు వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌కు 16 ఏళ్లు నిండి, క్లాస్ 2 ఉంటే సరిపోతుంది. క్లాస్ 1 కావాల్సింది జీతానికి విమానం నడిపే కమర్షియల్ లైసెన్స్‌కు. 40 ఏళ్ల లోపు వాళ్లకు దాని గడువు 12 నెలలే. ఇప్పుడు చేయిస్తే ఆ లైసెన్స్‌కు ఎగరాల్సిన 200 గంటలు పూర్తయ్యేలోపు గడువు తీరిపోతుంది, మళ్లీ ఖర్చు. ఈరోజు రాయి లేదన్నంత మాత్రాన వచ్చే ఏడు రాదని ఏ డాక్టరూ రాసివ్వడు. ఈ వృత్తిలో ఉన్నన్నాళ్లూ ఈ పరీక్షకు కూర్చోవాల్సిందే. ఆ భయంతో పిల్లవాణ్ణి ఏడాది ఆపితే వయసు, ఊపు రెండూ పోతాయి.

నల్గొండ అమ్మ:
సార్, మీ అనుభవానికి దండం. రాయి కరుగుతుంది, రాలుతుంది. మరి చెవి లోపమో, గుండెలో తేడానో బయటపడితే? క్లాస్ 1లో వినికిడి పరీక్ష, కంటి పరీక్ష ఇంకా లోతుగా చేస్తారు. అక్కడ కాదంటే అప్పీలుకు దారి ఉంది, కానీ అమ్మిన భూమి మళ్లీ రాదు. రెండోసారి మెడికల్‌కు డబ్బులు పెట్టడం నాకు బరువనిపించలేదు. మా అమ్మాయికి క్లాస్ 2 అయ్యాకే క్లాస్ 1కి వెళ్లాం. వరస అదే, నేరుగా క్లాస్ 1కి పోనివ్వరు. బెంగళూరులో వైమానిక దళం వాళ్ల ఐఏఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్)లో చేయించాం. ఫలితం వచ్చేదాకా ఇంట్లోనే కూర్చుని నావిగేషన్, మెటియొరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్ చదివింది. లైసెన్స్‌కు ఎటూ రాయాల్సిన పరీక్షలేగా! ఏడాది ఎక్కడ పోయింది సార్?

కల్వకుర్తి మీసేవ:
మెడికల్ ఒక్కటే చూస్తున్నరు గని, పేరు చూసుకోండి ముందు. మన పోరగాండ్లకు టెన్త్ మెమోల ఇంటిపేరు పూర్తిగ ఉంటది, ఆధార్‌ల ఒక్కటే అక్షరం, పాస్‌పోర్ట్‌ల ఇంటిపేరు గడి ఖాళీ. పైలట్ లైసెన్సులిచ్చే సర్కారు ఆఫీసు డీజీసీఏ వాళ్ల ఈజీసీఏ అనే వెబ్‌సైట్ల ప్రొఫైల్ తెరిచేటప్పుడు ఏ స్పెల్లింగ్ కొడితే మెడికల్ మీద, లైసెన్స్ మీద అదే నడుస్తది. డాక్టర్ దగ్గర చూపెట్టే గుర్తింపు కార్డు దానికి కలవాలె. రాత పరీక్షలకు కూసోనీకి డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబర్ కావాలంటే టెన్త్, ఇంటర్ మెమోలు అసలువేనని బోర్డు నుంచి వెరిఫికేషన్ తేవాలె. మా మండలం పిలగాడొకడు ఆ కాయితం ఆలస్యమై ఒక సెషన్ పరీక్షలు పోగొట్టుకున్నడు. టెన్త్ మెమో ముందల పెట్టుకొని ఆధార్, పాస్‌పోర్ట్ దానికి తగ్గట్టు దిద్దిచ్చుకోండి.

పాలమూరు రిటైర్డ్ ఇన్‌స్ట్రక్టర్:
అమ్మా, రాత పరీక్షలు చదువుతూ క్లాస్ 1 చేయించుకోవడం మంచి దారే, ఒప్పుకుంటున్నాను. క్లాస్ 1 లేనివాడు ఫీజే కట్టకూడదని అందరికీ నియమం పెట్టడం మాత్రం నాకు ఇప్పటికీ సరి కాదనిపిస్తుంది. చేతిలో డబ్బున్నవాళ్లు ఆగనక్కర్లేదు. భూమి అమ్మేవాళ్లు ఆగాలి.

హాలియా రైతు:
సార్, నేను భూమి అమ్మేటోన్నే. 2022 ఫిబ్రవరిల మా పక్కన పెద్దవూర మండలం తుంగతుర్తి కాడ ట్రైనింగ్ విమానం కూలి ఓ పిల్ల సచ్చిపోయింది. అప్పటిసంది విమానం సప్పుడైతే మా ఇంటామె వాకిట్లకొచ్చి అది కనుమరుగయ్యేదాక చూస్తది. కొడుకును పంపుతున్నమంటే అన్ని సరిగున్నయని ఆమెకు ఒక కాయితమన్న చూపెట్టాలె. వాయిదా ఇప్పుడే కట్టనని స్కూలోళ్లకు ఫోన్ చేసి చెప్పిన. సోమవారం క్లాస్ 2కి పోతున్నం. మీసేవ తమ్మీ, మావోని టెన్త్ మెమోల 'వెంకట' ఉంది, ఆధార్‌ల లేదు. దేంతోని మొదలుపెట్టాలె, కల్వకుర్తి రమ్మంటవా?