బృంద బోధన ప్రాజెక్టులున్న పీజీ కోర్సుకు ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న

నమస్కారం. వచ్చే నెలలో విద్యాశాస్త్రంలో పీజీ కోర్సులో చేరబోతున్నాను. అందులో ఒక పేపరుకు రాత పరీక్ష ఉండదు. నలుగురేసి సభ్యులున్న బృందాలు ఒక్కొక్క అంశం ఎంచుకుని తోటి విద్యార్థులకు 40 నిమిషాల పాఠం చెప్పాలి, ఆ తరువాత పాఠం ఎలా సాగిందో ఎవరికి వారు సమీక్ష రాసి ఇవ్వాలి. ఆరేళ్లుగా గణితం బోధిస్తున్నాను గానీ, మరొకరితో కలిసి పాఠం చెప్పిన అనుభవం లేదు. పైగా డిగ్రీలో చేసిన బృంద ప్రాజెక్టులో ఇద్దరం రాత్రింబవళ్లు పని చేస్తే మార్కులు నలుగురికీ సమానంగా వచ్చాయి, ఆ బాధ ఇప్పటికీ మనసులో ఉంది. కోర్సు మొదలయ్యేలోగా నేను ఒంటరిగా ఏం సాధన చేయవచ్చు? బృందం ఏర్పడ్డాక మొదట ఏం తేల్చుకోవాలి?

మొదటి జవాబు

ఇలాంటి కోర్సు నిరుడు పూర్తి చేశాను. మేము చేసిన పెద్ద పొరపాటు పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి పంచుకోవడం. మీరు గణితం వారు కాబట్టి మా పాఠమే చెబుతాను. అంశం భిన్నాల భాగహారం. నాకు ముందు చెప్పిన సభ్యురాలు కాగితపు పట్టీలను మడతపెట్టించి, సగం పట్టీలో పావులు రెండు ఉన్నాయని అందరికీ చక్కగా చూపించారు. ఆ వెంటనే నేను లేచి, భాగించే భిన్నాన్ని తలకిందులు చేసి గుణించాలన్న సూత్రం బోర్డు మీద రాశాను. పట్టీలు ఇంకా బల్లల మీదే ఉన్నాయి. వాటికీ ఈ సూత్రానికీ సంబంధం ఏమిటని వెనక వరుసలో ఒకరు అడిగారు. ఒక పూర్తి పట్టీలో 4 పావులుంటాయి, కాబట్టి సగం పట్టీలో ఉండేవి 4లో సగం, అంటే పావుతో భాగించడం 4తో గుణించడమే అవుతుంది అని ఆ పట్టీ చేత్తో పట్టుకుని చెబితే సరిపోయేది. కానీ ఆమె పాఠాన్ని ఎక్కడ ఆపుతారో నేను ముందుగా చూసుకోలేదు, అందుకే తడబడ్డాను.

రెండో ప్రాజెక్టుకు పద్ధతి మార్చాం. నలుగురమూ మొత్తం పాఠాన్ని ఒక్కొక్కసారి చెప్పి చూసుకున్నాం, ఎవరు ఏ భాగం చెప్పాలో ముందురోజు మాత్రమే నిర్ణయించుకున్నాం. సమయం ఎక్కువ పట్టిన మాట నిజమే గానీ, ఒకరు ఆపిన చోట మరొకరు అందుకోగలిగాం.

రెండో జవాబు

నేను ఇటువంటి పేపరు బోధిస్తున్నాను. పై అనుభవం అక్షరాలా నిజం. ఒంటరి సాధన గురించి అడిగారు కాబట్టి అది చెబుతాను. 1963 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న సూక్ష్మబోధన ఇందుకు చాలా అనువైనది: ఒకే నైపుణ్యం ఎంచుకుని కొద్ది నిమిషాల పాఠం చెప్పడం, రికార్డు చూసుకోవడం, లోపం సరిదిద్దుకుని మళ్లీ చెప్పడం. మొదటి నైపుణ్యంగా ప్రశ్న అడిగిన తరువాత ఆగడాన్ని తీసుకోండి. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశీలించిన తరగతుల్లో ఉపాధ్యాయులు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను మాత్రమే ఆగేవారు. 3 సెకన్లు, అంతకు మించి ఆగినప్పుడు జవాబులు నిడివిగా, కారణాలతో కూడి వచ్చాయి. ఏళ్ల తరబడి బోధించినవారికి కూడా ఆ 3 సెకన్ల మౌనం మొదట్లో భరించరానిదిగా ఉంటుంది.

బృందం కలిసిన రోజున స్లైడ్ల గురించి మాట్లాడకండి. పాఠం అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలి, అది చేయగలుగుతున్నాడని మనకు ఎలా తెలుస్తుంది అన్న రెండింటికి నలుగురూ ఒప్పుకునే జవాబు రాసుకోండి. సమీక్షకు కావలసిన గమనికలను మాత్రం పాఠం చెప్పిన సాయంత్రమే రాసి పెట్టుకోండి, వారం గడిస్తే ఎవరు ఏమడిగారో గుర్తుండదు.

మూడో జవాబు

పని సమానంగా పంచుకోకపోవడం గురించి ఒక మాట. తాడు లాగేవారి సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతుందని ఫ్రెంచి ఇంజినీరు రింగెల్‌మన్ 1913లోనే ప్రచురించారు. ఎవరి పని ఎంతో విడిగా కనిపించేటట్లు చేస్తే ఈ తగ్గుదల చాలావరకు అదుపులో ఉంటుంది. కాబట్టి ఏ ఉదాహరణ ఎవరు తయారు చేశారు, ఏ ప్రశ్న ఎవరు రాశారు అన్నది ఉమ్మడి ఫైలులోనే పక్కన పేరుతో నమోదు చేయండి. గొడవ వచ్చాక మొదలుపెడితే అది ఫిర్యాదులా ఉంటుంది, మొదటి రోజే మొదలుపెడితే మామూలు అలవాటవుతుంది. వెనకబడుతున్న సభ్యుడు కనిపిస్తే, అతని భాగం మీరు చేసిపెట్టే ముందు ఎక్కడ ఆగిపోయారని ఒకసారి అడగండి. మా బృందంలో అలా అడిగాకే తెలిసింది, ఆయనకు పాఠ్యాంశమే అర్థం కాలేదు, చెప్పుకోవడానికి మొహమాటపడ్డారు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న ఫోనులో ఐదు నిమిషాల పాఠం రికార్డు చేసి చూసుకున్నాను. ఏడు ప్రశ్నలు అడిగి, అయిదింటికి నేనే జవాబు చెప్పేశాను. ఈ వారమంతా ఆ ఒక్క లోపం మీదే సాధన చేస్తాను. బృందం ఏర్పడగానే మొత్తం పాఠం అందరమూ చెప్పి చూసుకుందామని ప్రతిపాదిస్తాను.