ఐదు టిబెటన్ వ్యాయామాలు: 21 సార్లు చెయ్యాల్సిందేనా?

మల్లెతోట:
నాకు 46 ఏళ్లు. రోజంతా ఆఫీసు కుర్చీలోనే. ఏడు వారాల కిందట ‘ఐదు టిబెటన్లు’ మొదలుపెట్టాను. తెలియనివారికి క్లుప్తంగా చెప్తాను. మొదటిది చేతులు చాచి కుడివైపుకి గిరగిరా తిరగడం. రెండోది వెల్లకిలా పడుకుని తల, కాళ్లు లేపడం. మూడోది మోకాళ్ల మీద నిలబడి వెనక్కి వంగడం. నాలుగోది కూర్చుని, అరచేతులు నేలకి ఆనించి ఒళ్లంతా బల్లలా పైకెత్తడం. అయిదోది చేతులు, పాదాల మీదే ఉండి నడుము కిందికి దించి, మళ్లీ పైకెత్తడం. మొదటి వారం 3 సార్లు, ఆ తర్వాత వారానికి 2 చొప్పున పెంచుకుంటూ పదో వారానికి 21.

ఇప్పుడు 15 దగ్గరున్నాను. వంగి చెప్పుల బెల్టు పెట్టుకోవడం తేలికైన మాట నిజం. కానీ పోయిన మంగళవారం టైమవుతోందని మూడోది గబగబా చేస్తుంటే మెడ పట్టేసింది. రెండు రోజులు స్కూటర్ వెనక్కి తీసుకోవడానికి కూడా తల తిప్పలేకపోయాను. మా యోగా టీచరేమో ‘ఇవి టిబెట్‌వే కావు, మానెయ్యి’ అంటున్నారు. నాతోపాటు మొదలుపెట్టినవాళ్లు ‘21 దాకా వెళ్తేనే ఫలితం’ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

కొండదారి:
మానెయ్యకండి. నాకు 58, ఆరేళ్లుగా చేస్తున్నాను. అంతకుముందు ఆసనాలు రెండుసార్లు నేర్చుకుని రెండుసార్లూ వదిలేశాను. పొద్దున్నే చాప పరిచి ‘ఇవాళ ఏం చెయ్యాలి’ అని ఆలోచించడంతోనే సగం ఉత్సాహం పోయేది. వీటికి ఆ బాధ లేదు. ఉన్నవి ఐదే, పావుగంటలో అయిపోతాయి. 21 అనే లెక్క ఉండబట్టే బద్ధకించకుండా చేస్తున్నాను. పైగా టిబెటన్ యోగాతో నిద్ర మెరుగుపడిందని హ్యూస్టన్‌లో క్యాన్సర్ రోగుల మీద చేసిన పరిశోధన కూడా ఉంది.

కృష్ణాతీరం:
కొండదారి గారూ, ఆ పరిశోధన 2004లో వచ్చింది. లింఫోమా (ఒక రకం క్యాన్సర్) ఉన్న 39 మందితో చేశారు. నిద్ర మెరుగైంది నిజమే, కానీ ఆందోళన, నీరసం విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. వాళ్లు నేర్చుకున్నది కూడా ఈ ఐదూ కాదు, టిబెట్‌లోని బోన్ అనే పాత మత సంప్రదాయానికి చెందిన ట్సాలుంగ్, ట్రుల్‌ఖోర్ అనే ఊపిరి, కదలికల సాధనలు. దాని ఫలితాన్ని తెచ్చి దీని ఖాతాలో వెయ్యలేం.

ఈ ఐదూ జనానికి తెలిసింది 1939లో పీటర్ కెల్డర్ రాసిన ఓ చిన్న పుస్తకంతో. బ్రిటిష్ కల్నల్ ఒకాయన టిబెట్ మఠంలో నేర్చుకొచ్చాడన్నది అందులోని కథ. టిబెట్ గ్రంథాల్లో వీటికి మూలం ఇదీ అని ఎవరూ గట్టిగా చూపించలేదు. మూడోది మన ఉష్ట్రాసనానికి దగ్గర చుట్టం. అయిదోది ఊర్ధ్వముఖ, అధోముఖ శ్వానాసనాలు కలిపితే వచ్చేదే.

టిబెట్‌వాళ్ల అసలు సాధన ట్రుల్‌ఖోర్. లాసాలో పొతాల రాజభవనం వెనక చెరువులో లుఖాంగ్ అనే చిన్న ఆలయం ఉంది. దాని పై అంతస్తు గోడల మీద ఆ భంగిమల్లో ఉన్న యోగుల బొమ్మలున్నాయి. ఆ సాధనకి ప్రాణం ఊపిరిలో ఉంది. ఊపిరి ఎప్పుడు పీల్చాలో, ఎక్కడ నిలపాలో, ఏ కదలికతో వదలాలో నేర్పుతారు. అందుకే చాలాకాలం గురువు ఎదుటే, గుట్టుగా నేర్చుకున్నారు. 1970లలో నంఖాయ్ నోర్బు అనే టిబెటన్ గురువు ఇటలీలో యంత్రయోగం పేరుతో బయటివాళ్లకి నేర్పడం మొదలుపెట్టారు. అందులో 108 కదలికలు.

ఇంత చెప్పడం ఎందుకంటే, ‘టిబెట్ రహస్యం’ అనేసరికి 21 అనే అంకెకి మంత్రసంఖ్య అంత గౌరవం వచ్చేస్తోంది. మెడ నొప్పి పుడుతున్నా లెక్క ఆపాలనిపించదు. మల్లెతోట గారికి జరిగింది అదే. టీచర్ గారి మాట కూడా నాకు పూర్తిగా నచ్చలేదు. టిబెట్‌వి కానంత మాత్రాన చెడ్డవైపోవు కదా!

కొండదారి:
పరిశోధన విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను, నేను రెండూ కలిపేశాను. కానీ అంకెను తీసిపారెయ్యకండి. ‘మీ ఒంటికి తగినట్టు చెయ్యండి’ అంటే నాలాంటివాడు మూడో రోజుకే మానేస్తాడు.

వానచినుకు:
నేను ఫిజియోథెరపిస్టుని. లెక్క పెట్టుకోండి, కానీ ఊపిరి లెక్క పెట్టుకోండి. ఒక ఊపిరికి ఒక కదలిక. ఊపిరి తడబడిందంటే ఆ రోజుకి అక్కడితో ఆపాలి.

రెండోదాంట్లో కాళ్లు దించేటప్పుడు నడుము కింద అరచెయ్యి దూరేంత సందు వచ్చిందంటే బరువు పొట్ట మీంచి వెన్నుకి పోతోందని అర్థం. మోకాళ్లు మడిచి చెయ్యండి. మూడోదాంట్లో తల వెనక్కి వేలాడెయ్యకండి. ఛాతీ పైకి లేస్తే చాలు, చూపు పైకప్పు దగ్గర ఆగాలి. తల తిరిగే జబ్బు ఉన్నవాళ్లు మొదటిది వదిలెయ్యండి. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే ఇవి మొదలుపెట్టండి.

బలం కోసమైతే ఇవి చాలవు. నేలని నెట్టే కదలికలే గానీ దేన్నీ లాగేది ఒక్కటీ లేదు. వీపు పైభాగానికి పని తక్కువ. రోజూ అదే 21 చేస్తుంటే కొన్నాళ్లకి కండ అలవాటు పడిపోతుంది. పెద్ద కండరాలన్నిటికీ వారానికి కనీసం రెండు రోజులు బలం పెంచే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక రబ్బరు బ్యాండు కిటికీ ఊచకి కట్టి లాగండి. ఇంకా తల తిప్పితే మెడ నొప్పిగా ఉంటే ముందు ఎవరికైనా చూపించండి.

మల్లెతోట:
నొప్పి పోయింది. ఇవాళ పొద్దున ఊపిరి లెక్కన చేశాను. మూడోది 7 దగ్గర ఊపిరి తడబడింది, ఆపేశాను. మిగతావి 11 దాకా వెళ్లాను. రెండోది చేస్తూ నడుము కింద చెయ్యి పెట్టి చూశాను, నిజంగానే దూరింది. ఇన్నాళ్లూ నడుము లాగుతుంటే అది మంచిదే అనుకున్నాను. బ్యాండు సాయంత్రం కొంటాను. దేన్ని లాగాలో, ఎన్నిసార్లో వానచినుకు గారు కాస్త చెప్పగలరా?