జె-1 మీద అమెరికాలో ఫ్రెంచ్ టీచర్: కన్సల్టెన్సీ 4 లక్షలు అడుగుతోంది, కట్టాలా?

బెజవాడ టీచర్:
అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో 5 ఏళ్లుగా ఫ్రెంచ్ చెబుతున్నాను. బీఏ, ఎంఏ ఫ్రెంచ్, బీఈడీ. జె-1 అనే ఎక్స్చేంజ్ వీసా మీద టీచర్‌గా అమెరికా పంపిస్తామని ఒక కన్సల్టెన్సీ 4 లక్షలు అడుగుతోంది, సగం ముందే కట్టాలట. మావారు, ఆరేళ్ల పాప ఉన్నారు. తిరిగొచ్చాక రెండేళ్లు మళ్లీ వెళ్లకూడదంటున్నారు, అదో టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

నార్త్ కరోలినా రిటర్న్:
ముందు ఆ డబ్బు కట్టకండి. జె-1 టీచర్‌ని తీసుకెళ్లేది కన్సల్టెన్సీ కాదు, స్పాన్సర్. అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు ఉన్న స్పాన్సర్ల జాబితా బ్రిడ్జ్ యూఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది, జె-1 వీసాకి కావాల్సిన డీఎస్-2019 ఫారం ఇచ్చేది వాళ్లే. వాళ్లూ ఫీజు తీసుకుంటారు, కాకపోతే దేనికెంతో కాగితం మీద ఉంటుంది. మీ కన్సల్టెన్సీని ఒక్కటే అడగండి, స్పాన్సర్ ఎవరు, నన్ను ఇంటర్వ్యూ చేసే స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి స్కూళ్లని నడిపే స్థానిక సంస్థ) ఏది అని. నేను అలా అడిగిన మర్నాటి నుంచి నా కన్సల్టెన్సీవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు, అప్పటికే కట్టిన 60 వేలు పోయాయి. (మావారికి 20 వేలనే చెప్పాను, ఆయన ఈ గ్రూపులో లేరు.)

అర్హత మీకు ఉన్నట్టే. కనీసం రెండేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం ఉండాలి, అప్లై చేసేనాటికి టీచర్‌గా పనిచేస్తూ ఉండాలి, కాబట్టి తొందరపడి ఉద్యోగం మానేయకండి. మన మూడేళ్ల బీఏ ఒక్కటే అయితే డిగ్రీ ఇవాల్యుయేషన్‌లో (అమెరికా డిగ్రీకి సమానమా అని చూసేది) పేచీ వస్తుంది, మీకు ఎంఏ, బీఈడీ ఉన్నాయి కాబట్టి అవీ కలిపి పంపండి. వీసా మూడేళ్లు, స్కూలు, స్పాన్సర్ ఒప్పుకుంటే ఇంకో ఒకటి రెండేళ్లు పొడిగిస్తారు.

రెండేళ్ల సంగతిలో రెండు వేర్వేరు రూల్స్‌ని కలిపేస్తున్నారు. సొంత దేశంలో రెండేళ్లు ఉంటేగానీ హెచ్-1బి, గ్రీన్ కార్డ్ ఇవ్వరు అనేది ఒకటి. అది ఏ దేశాలవాళ్లకి వర్తిస్తుందో చెప్పే స్కిల్స్ లిస్టు ఒకటుంది, 2024 డిసెంబర్ 9 నుంచి అందులో ఇండియా లేదు, కాబట్టి ప్రభుత్వ డబ్బుతో వెళ్తే తప్ప అది మీకు తగలదు. రెండోది, మళ్లీ జె-1 టీచర్‌గానే వెళ్లాలంటే రెండేళ్లు అమెరికా బయట ఉండాలి. ఇది మాత్రం అందరికీ ఉంది.

మీవారికీ పాపకీ జె-2 అనే కుటుంబ వీసా వస్తుంది. ఆయన అక్కడికి వెళ్లాక వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు, చేతికి రావడానికి నెలలు పడుతుంది, అందాకా మీ ఒక్కరి జీతంతోనే ఇల్లు గడవాలి. పేస్లిప్ కూడా చూసుకుంటూ ఉండండి, మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు మనకి సోషల్ సెక్యూరిటీ (అక్కడి పింఛను పన్ను) కోత ఉండకూడదు, నాకు నాలుగు నెలలు కోశారు.

బెజవాడ టీచర్:
చాలా థ్యాంక్స్ అక్కా. అయినా ఒక డౌటు. ఫ్రెంచ్ నా మాతృభాష కాదు కదా, ఫ్రాన్స్ వాళ్లని వదిలేసి నన్నెందుకు తీసుకుంటారు?

నార్త్ కరోలినా రిటర్న్:
నన్నూ ఇంటర్వ్యూలో ఇదే అడిగారు. ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలకి తెలిసింది ఒక్క "యు" మాత్రమే, అందుకని ఫ్రెంచ్‌లో నువ్వుకి "త్యు", మీరుకి "వూ" అనే దగ్గర ఆగిపోతారు. నేను బోర్డు మీద తెలుగులో నువ్వు, మీరు అని రాసి, అమ్మమ్మని ఏమంటాం, తమ్ముణ్ణి ఏమంటాం అని ఆడించేదాన్ని. మా ఇంట్లో అమ్మని నువ్వు అనీ నాన్నని మీరు అనీ అంటామని చెబితే క్లాసంతా గోల, నాన్న దూరమా అని ఒకడు అడిగాడు. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు గానీ, ఆ తర్వాత "వూ" ఎవరూ తప్పు వాడలేదు. నోటితో మాట్లాడే పరీక్షకి మాత్రం బాగా తయారవ్వండి, కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి.

ఇఫ్లూ కుర్రాడు:
మేడమ్, నేరుగా ఫ్రాన్స్‌కే వెళ్లే దారి కూడా ఉంది. అక్కడి స్కూళ్లలో ఇంగ్లిష్ అసిస్టెంట్‌గా అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా 7 నెలలు, వారానికి 12 గంటలు. వచ్చే స్టైపెండ్‌తో ఫ్యామిలీని పోషించలేం, మాలాంటి బ్యాచిలర్లకి ఓకే.

బెజవాడ టీచర్:
పాపతో కుదరదు తమ్ముడూ. అక్కా, ఇక్కడి మా స్కూలుతో కలిపి ఏదో చేయాలంటారు, అదేంటి?

నార్త్ కరోలినా రిటర్న్:
ఏటా రెండు పనులు రూలు. మీ సంస్కృతి గురించి అక్కడి పిల్లలతో ఒకటి, బయటి దేశపు స్కూలు పిల్లలతో వాళ్లని మాట్లాడించేది ఒకటి. లైవ్ కాల్ పెట్టుకోకండి, అక్కడ పొద్దున 8 అంటే ఇక్కడ సాయంత్రం ఐదున్నర, చలికాలంలో ఆరున్నర, పిల్లలు ట్యూషన్లో ఉంటారు. మేం వీడియోలు రికార్డ్ చేసి పంపించుకున్నాం. ఇక్కడి స్కూలు పిల్లలు పది రూపాయల నోటు చూపించి, వెనకాల వరసగా ఉన్న 15 భాషల్లో తెలుగు ఎక్కడుందో కనుక్కోమని ఫ్రెంచ్‌లో అడిగారు. అమెరికాలోని మా క్లాసు పిల్లలు పైనుంచి లెక్కపెట్టి "కాతోర్జ్" అని అరిచారు, 14వది కదా. ఒకమ్మాయి నోటు మీద తెలుగులో ఉన్న ఆ "పది రూపాయలు" చూసి చూసి నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంది. వెళ్లేముందే మీ ప్రిన్సిపల్‌తో మాట్లాడి ఒక టీచర్ పేరు రాయించుకోండి, నేను అమెరికా వెళ్లాక అడిగితే మెయిల్‌కి జవాబిచ్చే దిక్కు లేకపోయింది.

బెజవాడ టీచర్:
అప్‌డేట్: కన్సల్టెన్సీకి ఫోన్ చేసి మీరు చెప్పినట్టే అడిగాను. "అవన్నీ తర్వాత మేడమ్, ముందు సీటు బ్లాక్ చేసుకోండి" అన్నారు. కట్టట్లేదు. స్పాన్సర్ల జాబితా తెరిచి కూర్చున్నాను, అనుభవం సర్టిఫికెట్ కోసం రేపు ఆఫీసులో అడుగుతాను. మా క్లర్క్‌గారు దానికి ఎన్నాళ్లు తిప్పుతారో చూడాలి.