మహీంద్రా షేర్లు అమ్మి అదే కంపెనీ ఎలక్ట్రిక్ కారు కొనొచ్చా? చిత్తూరు నుంచి ఒక ప్రశ్న

గ్రీమ్స్‌పేట లెక్కల టీచర్
2025 ఫిబ్రవరి 23

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇల్లు చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, స్కూలు బంగారుపాళ్యం దగ్గర. రోజూ రానూపోనూ 50 కిలోమీటర్లు. నెలకోసారి అత్తమ్మను చెకప్‌కు తిరుపతి తీసుకెళ్లాలి. పాప బెంగళూరులో చదువుతోంది, రెండు నెలలకోసారి అటు 180 కిలోమీటర్లు.

మా డీజిల్ కారుకు పదకొండేళ్లు నిండాయి. పోయిన నెల బెంగళూరు దారిలోని మొగిలి ఘాట్‌లో ఒక లారీ వెనకాల ఎక్కుతుంటే క్లచ్ మాడిన వాసన వచ్చి బండి ఆగిపోయింది. అత్తమ్మను రోడ్డు పక్కన కల్వర్టు మీద కూర్చోబెట్టి మెకానిక్ కోసం గంటన్నర ఎదురుచూశాం. ఆవిడ ఒక్క మాట అనలేదు. కొంగు తలమీద కప్పుకుని, పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కారు మార్చాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

ఇప్పుడు డబ్బు సంగతి. 2020 అక్టోబర్‌లో చీటీ ఎత్తిన డబ్బుతో మహీంద్రా అండ్ మహీంద్రా షేర్లు 400 కొన్నాను, ఒక్కోటి 620 చొప్పున. మా నాన్న మహీంద్రా ట్రాక్టర్‌తో పదిహేనేళ్లు చెరుకు తోలారు. ఆ నమ్మకం తప్ప నాకు వేరే విశ్లేషణ ఏమీ లేదు. మొన్న శుక్రవారం చూస్తే షేరు 2,670 దగ్గర ఉంది. అంటే నా రెండున్నర లక్షలు పదిన్నర లక్షలు దాటాయి.

నవంబర్ 26న చెన్నైలో ఆ కంపెనీ బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ అని రెండు ఎలక్ట్రిక్ కార్లు చూపించింది. అప్పటి నుంచి మా ఇంట్లో అదే చర్చ. బీఈ 6 ధర 18.90 లక్షల నుంచి మొదలు, 59 యూనిట్ల బ్యాటరీ ఒకటి, 79 యూనిట్లది ఒకటి. ఫిబ్రవరి 14న బుకింగ్‌లు తెరిస్తే మొదటి రోజే రెండూ కలిపి 30,179 బుక్ అయ్యాయి, విలువ 8,472 కోట్లు అన్నారు. ఆ వార్త చూసి షేరు ఎగురుతుందని మావారు, నేను సోమవారం పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. ఎగరకపోగా వారం ముగిసేసరికి బాగా దిగింది. ఇంతమంది కారు కావాలంటుంటే షేరు ఎందుకు దిగుతుంది? మదుపరులకు తెలిసింది, మాలాంటి కొనేవాళ్లకు తెలియనిది ఏదైనా ఉందా?

నా ప్రశ్నలు రెండే. షేర్లు అమ్మి కారు కొనొచ్చా? మొగిలి ఘాట్, తిరుమల ఘాట్ ఎక్కే మా తిరుగుడుకు ఎలక్ట్రిక్ సరిపోతుందా? సొంతంగా నడిపినవాళ్లు చెప్తే మేలు. యూట్యూబ్ వీడియోలు చాలానే చూశాను, అన్నీ పుణె, బెంగళూరు రోడ్లే.

---

బైరాగిపట్టెడ ట్యాక్సీ
2025 ఫిబ్రవరి 23

మేడం, రెండో ప్రశ్నకు నేను చెప్తాను. షేర్ల సంగతి నాకు తెలీదు.

నేను రెండేళ్లుగా ఎలక్ట్రిక్ కారు ట్యాక్సీగా తిప్పుతున్నాను. మీరు చెప్పిన మోడల్ కాదు, దానికంటే చిన్నది, 40 యూనిట్ల బ్యాటరీ. అలిపిరి నుంచి కొండమీదికి నలుగురు భక్తులు, లగేజీతో ఎక్కితే సుమారు 15 శాతం ఛార్జ్ పోతుంది. మొదటిసారి ఆ అంకె పడిపోతుంటే నాకు చెమటలు పట్టాయి. దిగేటప్పుడు అసలు విషయం తెలిసింది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మోటారే బండిని పట్టి ఆపుతుంది, ఆ శక్తి మళ్లీ బ్యాటరీలోకి పోతుంది. కిందికి వచ్చేసరికి ఒకటి రెండు శాతం పెరిగి ఉంటుంది. దిగే దారిలో 40 నిమిషాల కంటే ముందు చేరకూడదని దేవస్థానం నియమం ఉంది కదా, ఆ నెమ్మది ఈ బండికి బాగా కలిసొస్తుంది. డీజిల్ బండిలో దిగినప్పుడు కింద టోల్‌గేట్ దగ్గరికి వచ్చేసరికి బ్రేకుల కమురు వాసన వచ్చేది, వెనక సీట్లో పెద్దవాళ్లకు వాంతులయ్యేవి. ఇప్పుడు ఆ వాసన లేదు. బ్రేక్ ప్యాడ్లు రెండేళ్లలో ఒక్కసారి కూడా మార్చలేదు.

ఒక్క జాగ్రత్త. ఘాట్ దిగబోయే ముందు బ్యాటరీ పూర్తిగా నింపుకోవద్దు. నిండిన బ్యాటరీలోకి శక్తి ఎక్కదు, అప్పుడు మోటారు పట్టు తగ్గి మామూలు బ్రేకుల మీదే దిగాలి. కొత్తవాళ్లు దీనికే కంగారుపడతారు.

2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఇదే ఘాట్‌లో రోజూ ఎక్కి దిగుతున్నాయి. అంత బరువు బస్సులు ఎక్కుతున్న చోట మీ కారు ఎక్కదన్న భయం వద్దు.

ఇబ్బంది దారిలో ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర ఉంది. ఒకసారి బెంగళూరు కిరాయికి పోతూ పలమనేరు దాటాక ఒక స్టేషన్‌లో ఆగాను. యాప్‌లో ఖాళీ అని చూపించింది. పోతే ఒక గన్ పనిచేయదు, రెండోదాని ముందు టెంపో అడ్డంగా ఆపి డ్రైవర్ భోజనానికి పోయాడు. బండిలో చిన్నబిడ్డతో ఒక కుటుంబం. నలభై నిమిషాలు ఎండలో ఉన్నాం. ఆ రోజు నుంచి 30 శాతం ఉండగానే ఆగడం నేర్చుకున్నాను. అక్కడ దొరక్కపోతే తర్వాతి ఊరికైనా పోవచ్చు. మీకు 180 కిలోమీటర్లే కాబట్టి ఇంట్లో నింపుకుని బయల్దేరితే పోయేటప్పుడు ఆగే పనే లేదు. పాప ఉండేచోట ఛార్జింగ్ పెట్టుకునే వీలుందేమో ముందే కనుక్కోండి.

---

రేణిగుంట మదుపరి
2025 ఫిబ్రవరి 24

టీచర్‌గారూ, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, ముప్పై ఏళ్లుగా షేర్లు చూస్తున్నాను. మీ మొదటి ప్రశ్న చాలామందికి ఉపయోగపడేది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ బుకింగ్‌ల లెక్క చూడండి. 8,472 కోట్లను 30,179తో భాగించండి. ఒక్కో బండికి 28 లక్షలు వస్తుంది. అంటే 18.90 అని పేపర్లో చూసి కాదు, పై వేరియంట్ల కోసం ఎగబడ్డారు. బుకింగ్‌లలో 73 శాతం అన్నిటికంటే పై వేరియంట్ అయిన ప్యాక్ త్రీకే అని కంపెనీయే చెప్పింది. మీరు చూస్తున్న 18.90 లక్షల వేరియంట్, అంటే ప్యాక్ వన్ డెలివరీ ఆగస్టులో అంటున్నారు. కొనేవారిగా మీకు ఇది ముఖ్యం: పాత బండిని ఇంకో ఆరు నెలలు నడపాలి.

షేరు ఎందుకు దిగింది? 21 వేలు కట్టి చేసిన బుకింగ్ ఇంకా అమ్మకం కాదు. కారు బాగుంటుందన్న ఆశ నవంబర్ నుంచే ధరలో ఎక్కి కూర్చుంది. దానికి తోడు ఆ వారంలోనే టెస్లా ముంబై, ఢిల్లీల్లో ఉద్యోగాల ప్రకటన ఇచ్చింది. ఇక్కడ ఫ్యాక్టరీ పెడతామని మాట ఇచ్చే విదేశీ కంపెనీలకు ఖరీదైన ఎలక్ట్రిక్ కార్ల దిగుమతి సుంకం 15 శాతానికి తగ్గించే పథకం 2024 మార్చిలోనే వచ్చింది. మార్కెట్ ఆ రెండూ కలిపి చూసుకుని భయపడింది. మీకు తెలియని రహస్యం ఏదీ లేదు.

ఇంకో విషయం. మీ 400 షేర్లు ఎలక్ట్రిక్ కారు షేర్లు కావు. వాటి వెనక ఉన్న లాభం చాలావరకు మీ నాన్నగారు తోలిన ట్రాక్టర్లది, డీజిల్ ఎస్‌యూవీలది. ఎలక్ట్రిక్ కార్లకు వేరే అనుబంధ కంపెనీ ఉంది, అందులో బ్రిటిష్ ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్, టెమాసెక్ అనే విదేశీ సంస్థలు కూడా డబ్బు పెట్టాయి.

మన ఊళ్లో ఇలాంటి పొరపాటు ఇంకోటి చూస్తున్నాను. ఎలక్ట్రిక్ కార్ల వార్త రాగానే కరకంబాడి వైపు టీకొట్ల దగ్గర అక్కడి బ్యాటరీ కంపెనీ అమరరాజా షేరు గురించి మాట్లాడుకుంటారు. 2024 జూన్‌లో లిథియం సెల్ టెక్నాలజీ ఒప్పందం వార్తకు అది ఒక్కరోజులో 20 శాతం ఎక్కిన మాట నిజమే. వాళ్ల లిథియం సెల్ ఫ్యాక్టరీ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో కడుతున్నారు. కానీ ఈ బీఈ 6లో ఉన్న సెల్స్ చైనా కంపెనీ బీవైడీవి. ఊరి అభిమానం మంచిదే, నాకూ ఉంది. అయినా ఏ కారులో ఎవరి సెల్ ఉందో చూడకుండా షేరు కొనకూడదు.

అందరికీ నచ్చే కారు వేరు, ఎక్కే షేరు వేరు. 2024 అక్టోబర్‌లో హ్యుందాయ్ 27,870 కోట్ల ఐపీఓ (మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం) వచ్చింది, అప్పటికి మన దేశంలో అదే అతి పెద్దది. క్రెటా లేని వీధి ఉందా చెప్పండి. అయినా చిన్న మదుపరుల వాటా సగమే నిండింది, 1,960కి ఇచ్చిన షేరు మొదటి రోజే దానికి దిగువన ముగిసింది.

ఇక అమ్మడం గురించి. అమ్మాలనుకుంటే ఒకేసారి అమ్మొద్దు. మీ లాభం సుమారు 8.20 లక్షలు. దీర్ఘకాలిక లాభంలో, అంటే ఏడాది దాటి ఉంచిన షేర్ల లాభంలో, ఏడాదికి 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. మొత్తం ఇప్పుడే అమ్మితే పన్ను దాదాపు 87 వేలు. సగం మార్చి 31 లోపు, సగం ఏప్రిల్‌లో అమ్మితే రెండు సంవత్సరాల మినహాయింపు దొరుకుతుంది, 15,600 మిగులుతుంది. కారు ఆగస్టుకు కాబట్టి మీకు తొందర కూడా లేదు. అయితే నెల రోజుల్లో కావాల్సిన డబ్బు షేర్లలో ఉంచి రోజూ టెన్షన్ పడకండి.

మీకు ఎవరైనా ఎలక్ట్రిక్ కారు లోన్ వడ్డీకి లక్షన్నర మినహాయింపు ఉందని చెప్తే నమ్మొద్దు. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

---

పీలేరు కుర్రాడు
2025 ఫిబ్రవరి 24

అక్కా, ఒక ఏడాది ఆగండి. కొత్త మోడల్ మొదటి బ్యాచ్‌లో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ గొడవ ఉంటుంది, సర్వీస్ కోసం ప్రతిసారీ తిరుపతి పోవాలి. బ్యాటరీకి జీవితకాల వారంటీ అంటున్నారు, అది మొదటి ఓనర్‌కే. అమ్మేస్తే కొన్నవాళ్లకు పదేళ్లు లేదా రెండు లక్షల కిలోమీటర్లు, అదీ కారు మొదట కొన్న తేదీ నుంచి. క్రెటా ఎలక్ట్రిక్ కూడా జనవరిలో 17.99 లక్షలకు వచ్చింది, పెద్దవాళ్లు ఎక్కి దిగడానికి అదే సులువు అనిపించింది నాకు. రెండూ చూసి చెప్పండి.

---

గ్రీమ్స్‌పేట లెక్కల టీచర్
2025 మార్చి 9

అందరికీ ధన్యవాదాలు. పీలేరు తమ్ముడు చెప్పినట్టే రెండూ చూశాం. క్రెటాలో అత్తమ్మ సులువుగా ఎక్కారు. బీఈ 6 వెనక సీట్లో ఆవిడకు తల తగల్లేదు కానీ, కిటికీ చిన్నది, బయట ఏమీ కనపడటం లేదన్నారు. ముందు సీట్లో కూర్చోబెడితే బాగానే ఉందన్నారు. మావారు వెనక కూర్చోవడానికి ఒప్పుకున్నారు.

షోరూమ్ అబ్బాయిని బతిమాలితే ఈ రోజు పొద్దున్న టెస్ట్ డ్రైవ్ బండి చిత్తూరు తెచ్చాడు. 79 యూనిట్లది. ఐదుగురం ఎక్కి మా ఇంటి ముందు బయల్దేరినప్పుడు స్క్రీన్ మీద 81 శాతం. మొగిలి ఘాట్ పైకి చేరేసరికి 72. మేము ఆగిపోయిన ఆ కల్వర్టు దగ్గర అదే మలుపులో, అదే ఎత్తులో, ముందు అలాంటి లారీయే ఉంటే వెనక నెమ్మదిగా ఎక్కాను. క్లచ్ లేదు, గేరు లేదు, చప్పుడు లేదు. అత్తమ్మ ఆ కల్వర్టును చూసి, ఇక్కడే కదా అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక్కి వచ్చి ఇంటి ముందు ఆపేసరికి 68. పోయేటప్పుడు 9, వచ్చేటప్పుడు 4. ట్యాక్సీ అన్న చెప్పిన మాట కళ్లారా చూశాను.

నెల ఖర్చు కూడా వేసుకున్నాను. 1,200 కిలోమీటర్లకు డీజిల్ 80 లీటర్లు, లీటరు 97 వేసుకున్నా 7,760. కరెంటుకు నష్టంతో కలిపి 205 యూనిట్లు వస్తుందనుకుంటున్నాను. అన్నీ పై స్లాబ్‌లో, యూనిట్ 9.75కే పడ్డా రెండు వేలు. నెలకు 5,700 తేడా. ఇంట్లో పెట్టే ఛార్జర్ 50 వేలు కారు ధరలో లేదు, విడిగా కట్టాలి, అది కూడా రాసుకున్నాను.

200 షేర్లు ఈ నెల 20 లోపు అమ్ముతాను. ఇంకో 100 ఏప్రిల్‌లో. మిగిలిన 100 అమ్మను, వాటికి లెక్క ఏమీ లేదు, అవి నాన్న ట్రాక్టర్ గుర్తు. కారు ధరకు తక్కువపడిన డబ్బుకు లోన్ పెడదామని మావారు అన్నారు. బీఈ 6 ప్యాక్ వన్ బుక్ చేశాం, 59 యూనిట్ల బ్యాటరీయే. మా తిరుగుడుకు 79 అవసరం లేదని ఈ రోజు తేలింది.

ఒక్కటి మిగిలింది. మాది పాత సింగిల్ ఫేజ్ మీటర్, మా లైన్‌మ్యాన్ వచ్చి చూసి 7.2 కిలోవాట్ల ఛార్జర్‌కు లోడ్ పెంచుకోవాలన్నాడు. చిత్తూరులో ఎవరైనా ఇంటి కనెక్షన్‌కు లోడ్ పెంచుకుని ఉంటే ఎన్ని రోజులు పట్టిందో, సర్వీస్ వైరు కూడా మార్చాల్సి వచ్చిందో చెప్పండి. ఎండాకాలం ఏసీల రద్దీ మొదలవకముందే అర్జీ పెట్టేయాలి.