నెక్ తేడా ఉన్న పాత గిటార్: కొనొచ్చా, వదిలెయ్యాలా?

నక్కలగుట్ట పోరడు:
అన్నలూ, ఒక సలహా కావాలి. మా చెల్లె గిటార్ నేర్చుకుంటానని ఒకటే పట్టు. కొత్త యమహా ఎఫ్310 పది వేల దాకా చెప్తున్నారు, అంత పెట్టే పరిస్థితి ఇప్పుడు లేదు. హన్మకొండ సుబేదారిలో ఒకాయన అదే మోడల్ పాతది 5,500కి అమ్ముతున్నాడంటే వెళ్ళి చూశా. గీతలు తప్ప పగుళ్ళు లేవు. కానీ నెక్ (స్ట్రింగ్స్ నొక్కే పొడుగు పిడి) పై కొసన ఉండే నట్ దగ్గర మామూలుగానే ఉన్న స్ట్రింగ్స్ బాడీ వైపు వచ్చేకొద్దీ బాగా లేచి ఉన్నాయి, 12వ ఫ్రెట్ (పిడి మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర నొక్కితే వేలు నొప్పి పుడుతోంది. అడిగితే "నెక్ కొద్దిగా వంగింది, ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) ఒక తిప్పు తిప్పితే సెట్ అయిపోతుంది" అన్నాడు. అంత ఈజీ అయితే ఆయనే తిప్పి అమ్మొచ్చు కదా? కొనాలా వద్దా?

కాజీపేట ప్యాసింజర్:
కొనెయ్ తమ్మీ. నెక్ వంగని పాత గిటార్ ఎక్కడుంది? 12–53 సెట్ (అంకెలు స్ట్రింగ్స్ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేస్తే ఆరు స్ట్రింగ్స్ కలిసి 70 కిలోల పైనే లాగుతుంటాయి, అంత బరువు రాత్రీపగలూ మోస్తే చెక్క వంగకుండా ఉంటుందా. అందుకే లోపల ట్రస్ రాడ్ పెట్టారు. అలెన్ కీ తీసుకుని పావు తిప్పు తిప్పి కాసేపు ఆగి చూడు. అంతకన్నా సన్నగా ఉండే 10–47 సెట్ వేస్తే లాగే బరువు పది పదిహేను కిలోలు తగ్గుతుంది, చెల్లె వేళ్ళకూ సుఖం. 5,500 మాత్రం ఇవ్వకు, 4,000 దగ్గర మొదలుపెట్టు.

ఆరో తీగ:
పై సలహా విని డబ్బులు ఇచ్చేసి రాకు. "నెక్ వంగింది" అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు రోగాలున్నాయి. ఒకటి, నెక్ విల్లులా ముందుకు వంగడం. దీనికి ట్రస్ రాడ్ పని చేస్తుంది. రెండు, మెలి తిరగడం, హెడ్ వైపు నుంచి బాడీ వైపు చూస్తే ఫ్రెట్లు ఒకదానికొకటి సమాంతరంగా కనిపించవు. దాన్ని రాడ్ బాగు చెయ్యలేదు. మూడు, నెక్ తిన్నగానే ఉండి, బాడీకి అతికిన చోట కోణం మారిపోవడం. నువ్వు చెప్పిన లక్షణాలు నాకు మూడో దానిలా వినిపిస్తున్నాయి. చూసి చెప్పాలి.

మళ్ళీ వెళ్ళు. ముందు ట్యూన్ చేయించు, స్ట్రింగ్స్ వదులుగా ఉంటే నెక్ అసలు రూపం తెలియదు. మొదటి ఫ్రెట్ మీద కేపో (స్ట్రింగ్స్ అన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, బేస్ స్ట్రింగ్‌ని, అంటే లావుదాన్ని, 14వ ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకో. అప్పుడు 6, 7 ఫ్రెట్ల దగ్గర స్ట్రింగ్‌కీ ఫ్రెట్‌కీ మధ్య ఎంత సందుందో చూడు. పావు మిల్లీమీటరు, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే నెక్ బాగానే ఉన్నట్టు. రెండు మూడు కార్డులు దూరితే వంగినట్టు, అప్పుడు రాడ్ సంగతి మాట్లాడుకుందాం.

తర్వాత రెండడుగుల స్టీలు స్కేలు మధ్య స్ట్రింగ్స్ సందులో ఫ్రెట్ల మీద ఆనించి బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ కట్టే చెక్క) దాకా జరుపు. దాని కొస బ్రిడ్జ్ చెక్క పైఅంచుకు తగలాలి. అంచు కిందికి వెళ్ళి పక్క గోడకు గుద్దుకుంటే కోణం పోయింది, నువ్వు ఎన్ని తిప్పులు తిప్పినా రాదు. దానికి నెక్ ఊడదీసి మళ్ళీ అతకాలి, ఆ పని ఖర్చు ఈ గిటార్ ధరను మింగేస్తుంది. ఇక్కడ స్ట్రింగ్స్ మార్చే షాపులు ఉన్నాయి గానీ ఆ పనికి నేనైతే సికింద్రాబాద్ మోసుకెళ్ళమనే చెప్తా. రైలు చార్జీ కూడా లెక్కలో వేసుకో.

కాజీపేట ప్యాసింజర్:
ఇంత భయపెట్టాలా అన్నా? ఆ రాడ్ వందేళ్ళ నుంచీ ఉంది, గిబ్సన్ గిటార్ కంపెనీ వాళ్ళు 1923లోనే పేటెంట్ తీసుకున్నారు. పనికిరాకపోతే ఇన్నేళ్ళు పెడతారా?

ఆరో తీగ:
పనికిరాదని ఎవరన్నారు భయ్యా, దేనికి పనికొస్తుందో చెప్పాను. మార్టిన్ వాళ్ళు 1985 దాకా తిప్పే రాడ్ పెట్టలేదు, తర్వాత పెట్టారు. అయినా వాళ్ళ గిటార్లకు వయసు మీద పడితే నెక్ రీసెట్ (ఊడదీసి మళ్ళీ అతకడం) చేయిస్తూనే ఉన్నారు, రాడ్ ఉన్నదానికీ లేనిదానికీ. అది వేరే జబ్బు కాబట్టి.

ఫాతిమానగర్ ఆల్టో:
మీరిద్దరూ అమ్మాయి సంగతి వదిలేసి చెక్క గురించి కొట్లాడుతున్నారు. మా చర్చి క్వయర్‌లో కొత్తగా చేరినవాళ్ళకు జీ, సీ, డీ, ఈ మైనర్ కార్డ్స్ దాటడానికే నెలలు పడుతుంది. అన్నీ మొదటి మూడు ఫ్రెట్లలోనే. అయిదో ఫ్రెట్ దాటని మనిషికి 12వ ఫ్రెట్ గొడవ ఎందుకు? నట్ దగ్గర సరిగ్గా ఉంది అంటున్నాడు కదా. పాతది తక్కువకు దొరికితే నేర్చుకోనివ్వండి, నిజంగా పట్టు దొరికితే అప్పుడు మంచిది కొంటారు. పది వేలు పెట్టి కొన్న గిటార్లు అటక మీద బోలెడు చూశాను.

ఆరో తీగ:
అక్కా, నువ్వన్నదాంట్లో సగం ఒప్పుకుంటా. కానీ 12వ దగ్గర 4 మి.మీ. ఉంటే అయిదో ఫ్రెట్ దగ్గర కూడా 2 మి.మీ. దాటుతుంది, బాగున్న గిటార్‌కైతే ఒకటిన్నర ఉంటుంది. ఆ ముప్పావు మిల్లీమీటరే అక్కడ బారె కార్డ్ (ఒక్క వేలితో స్ట్రింగ్స్ అన్నీ నొక్కేది) పట్టేటప్పుడు పిల్లల కళ్ళలో నీళ్ళు తెప్పించేది. అటక మీది గిటార్లలో కొన్ని అందుకే అక్కడికి చేరాయని నా అనుమానం.

ములుగు రోడ్డు మెకానిక్:
ఒక విషయం ఎవరూ అడగలేదు. ఇప్పుడు ముసురు కాలం. గాల్లో తడి ఎక్కువైతే చెక్క ఉబ్బుతుంది, బ్రిడ్జ్ వెనక పొట్ట లేస్తుంది, యాక్షన్ (ఫ్రెట్ల మీద స్ట్రింగ్స్ ఎత్తు) పెరుగుతుంది. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండలో అదే చెక్క ఎండి కిందికి దిగుతుంది. ఎఫ్310 పైచెక్క ప్లై కాబట్టి ఈ ఆట కాస్త తక్కువ, మొత్తానికి లేకుండా పోదు. అలాగని అంతా వాన మీదికి తోసెయ్యకు. ఆయన్ని ఇంకోటి అడుగు, ఎండాకాలంలో కారు డిక్కీలో పెట్టేవాడా అని. ఎండలో మూసిన కారు లోపల వేడికి మామూలు చెక్క జిగురు మెత్తబడుతుంది, స్ట్రింగ్స్ లాగుతూనే ఉంటాయి, నెక్ అతుకు జరిగేది అలాగే. అడిగినప్పుడు ముఖం చూడు, జవాబు తర్వాత.

నక్కలగుట్ట పోరడు:
నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళా. స్కేలు తీసేసరికి ఆయనకు కాస్త చిరాకు వచ్చింది, అయినా చూడనిచ్చాడు. విజిటింగ్ కార్డు ఒక్కటే దూరింది, అది కూడా బిగుతుగా. స్కేలు మాత్రం బ్రిడ్జ్ పైఅంచుకు దాదాపు 2 మి.మీ. కిందికి తగిలింది. 12వ ఫ్రెట్ దగ్గర లావు స్ట్రింగ్ కింద 4 మి.మీ. ఉంది. సాడిల్ (స్ట్రింగ్స్ ఆనే సన్న పట్టీ) బ్రిడ్జ్ పైన 2 మి.మీ. కూడా కనిపించడం లేదు, ఎవరో ముందే అరగదీసినట్టుంది. కారు సంగతి అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఆరో తీగ:
ఇక రాడ్ మాట ఎత్తకండి. నెక్ తిన్నగా ఉంది, తప్పు కోణంలోనే. సాడిల్ లెక్క కూడా చూడు: 12వ ఫ్రెట్ స్ట్రింగ్‌కి సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ 1 మి.మీ. తగ్గాలంటే సాడిల్ 2 మి.మీ. అరగదియ్యాలి. 4 నుంచి రెండున్నరకు తేవాలంటే 3 మి.మీ. కావాలి, నీ దగ్గర 2 కూడా లేదు. అరగదియ్యడానికి ఏం మిగల్లేదు. వదిలెయ్.

కాజీపేట ప్యాసింజర్:
సరే, ఈ కేసులో రాడ్ పనికిరాదు. కానీ 2,500కి ఇస్తే ఇప్పటికీ తీసుకొమ్మనే అంటా. సన్న స్ట్రింగ్స్ వేసి, అర మెట్టు కిందికి ట్యూన్ చేసి, మొదటి ఫ్రెట్ మీద కేపో పెట్టుకుంటే ఏడాది లాగొచ్చు.

ఫాతిమానగర్ ఆల్టో:
నాదీ అదే మాట. 2,500 దాటితే మాత్రం వద్దు తమ్ముడూ. ఈ లోపు చెల్లెను ఆదివారం ప్రార్థన అయ్యాక మా దగ్గరికి పంపు, మా గిటార్ మీద కార్డ్స్ పట్టి చూస్తుంది.

నక్కలగుట్ట పోరడు:
ఫోన్ చేశా, 3,800 కన్నా తగ్గనన్నాడు. వద్దని చెప్పేశా. చెల్లెను ఆదివారం పంపుతా అక్కా, థాంక్స్. కరీంనగర్‌లో ఇంకోటి 6,000కి కనిపించింది, ఫొటోలో స్ట్రింగ్స్ అన్నీ వదులుగా వేలాడుతున్నాయి.

ములుగు రోడ్డు మెకానిక్:
అలా అయితే వెళ్ళే ముందే కొత్త సెట్టొకటి కొనుక్కుని పో. అక్కడ వేయించి, ట్యూన్ చేసి, అరగంట వదిలేసి టీ తాగి వచ్చి అప్పుడు స్కేలు తియ్యి. దానికి ఒప్పుకోకపోతే బస్సెక్కెయ్.