సీతాఫలం నిండా పూత, పిందె మాత్రం నిలవడం లేదు. మీ పెరట్లో ఎలా ఉంది?

పెరటిమొక్క, గుంటూరు (మే 18)
అందరికీ నమస్కారం. మా పెరట్లో బాలానగర్ రకం సీతాఫలం అంటు ఉంది, నాటి నాలుగో ఏడు. మనిషెత్తు పెరిగింది, రోజంతా ఎండ తగిలే చోటే. ఏప్రిల్ చివర నుంచి కొమ్మకొమ్మకీ పూత. కానీ విచ్చుకున్న రెండు మూడు రోజులకే పువ్వు రాలిపోతోంది. ముట్టుకుంటే తొడిమతో సహా చేతిలోకి వచ్చేస్తోంది. పోయినేడూ ఇంతే, చివరికి దక్కినవి కొన్ని వంకర కాయలు. పశువుల ఎరువు, వేపపిండి వేస్తున్నాం. రోజు విడిచి రోజు నీళ్ళు పెడుతున్నాం. నర్సరీలో అడిగితే పూత నిలబెట్టే టానిక్ అని ఒక సీసా ఇచ్చారు, దాని మీద లేబుల్ కూడా సరిగా లేదు. కొట్టాలా వద్దా అని ఆగాను. సీతాఫలం పెంచినవాళ్ళు చెప్తారా?

పాలమూరు గుట్టలు (మే 18)
టెన్షన్ పడకండి. మే నెల పూత ఎక్కడైనా చాలావరకు రాలిపోయేదే. ఈ ఎండకి, వడగాలికి పువ్వు లోపలి జిగురు ఆరిపోతుంది, పుప్పొడి పడినా అంటుకోదు. మా దిక్కు గుట్టల మీది చెట్లకి ఎవరూ నీళ్ళు పెట్టరు, ఎరువు వేయరు. తొలకరి పడి గాలిలో తేమ వచ్చాక పూసిన పువ్వే నిలబడి దసరా నాటికి గంపలకి ఎక్కుతుంది. మీ చెట్టు ఆగస్టు దాకా పూస్తూనే ఉంటుంది, ఇంకా టైముంది.

మిద్దె తోట, కూకట్‌పల్లి (మే 19)
పై అన్న చెప్పింది నిజమే. కానీ పట్నంలో ఒంటరిగా ఉన్న చెట్టుకి వానలు పడ్డా పిందె తక్కువే పడుతుంది. కారణం పువ్వులోనే ఉంది, ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.

మూడు దళసరి రెక్కలు కిందికి వేలాడుతుంటాయి. వాటిని మెల్లగా విప్పితే మధ్యలో చిన్న బుడిపె. దాని కొనన ఉన్నది ఆడభాగం, మొదలు చుట్టూ ఒత్తుగా ఉన్నవి కేసరాలు. రెండూ ఒకే పువ్వులో ఉన్నా ఒకే సమయానికి సిద్ధం కావు. రెక్కల కొనలు కొంచెం విడి సందు కనిపిస్తున్నప్పుడు ఆడభాగం తడిగా, మెరుస్తూ ఉంటుంది. రెక్కలు పూర్తిగా విచ్చుకుని పుప్పొడి రాలే సమయానికి ఆ తడి ఆరిపోతుంది. అంటే తన పుప్పొడి తనకి పనికిరాదు, ఇంకో పువ్వు నుంచి రావాలి. తేనెటీగలు ఈ పువ్వుని పెద్దగా పట్టించుకోవు. ఈ పని చేసేది మెంతిగింజ కన్నా చిన్నగా ఉండే పెంకుపురుగులు. అపార్ట్‌మెంట్ల మధ్య అవి ఎక్కడివి?

అందుకే నేను చేత్తో అద్దుతాను. సాయంత్రం బాగా విచ్చుకున్న పువ్వులు కొన్ని కోసి కాగితపు కవరులో పెట్టి నీడలో ఉంచుతాను. తెల్లారేసరికి కేసరాలు వదులై, కవరు తడితే పొడి రాలుతుంది. దాన్ని కుంకుమ భరిణెలోకి దులుపుకుని, ఎండ ఎక్కకముందే పిల్లలు బొమ్మలకి వాడే సన్న కుంచెతో, సగం విడిన పువ్వుల్లో ఆ బుడిపె కొనకి అద్దుతాను. కుంచెని గుండ్రంగా తిప్పడం ముఖ్యం. ఆ కొనలో ఉన్నది ఒక్క అండాశయం కాదు, బోలెడు. ఒక్కోటీ కాయలో ఒక్కో తొన అవుతుంది. పుప్పొడి అందనివైపు తొన ఊరదు, కాయ అటువైపు నొక్కుకుపోతుంది. మీకు వంకర కాయలు వచ్చింది అందుకే.

పెరటిమొక్క (మే 21)
మిద్దె తోట గారూ, చాలా థాంక్స్. ఇప్పుడు పువ్వు విప్పి చూస్తే మీరు చెప్పిన తేడా తెలుస్తోంది. రెండు సందేహాలు. ఉన్నది ఒక్క చెట్టే, దాని పుప్పొడే దానికి పనిచేస్తుందా? ఇంకొకటి, మందులేమైనా కొట్టొచ్చా?

ఉద్యానం, తిరుపతి (మే 21)
పనిచేస్తుంది. అదే చెట్టు మీది వేరే పువ్వుదైతే చాలు. రెండో దానికి నా మాట గట్టిగానే చెప్తాను: పూత మీద పురుగుమందు కొట్టకండి. ఆ చిన్న పెంకుపురుగులు కూడా చస్తాయి, ఆ తర్వాత చెట్టు నిండా పూసినా లాభం లేదు. వాటిని రప్పించాలంటే చెట్టు మొదట్లో ముగ్గిన అరటి, అనాస తొక్కలు వేయండి, పులిసిన వాసనకి వస్తాయి. లేబుల్ లేని సీసా పక్కన పెట్టేయండి. మందు పేరు, మోతాదు రాయనిది ఏ చెట్టుకీ కొట్టకూడదు. పుప్పొడి అందితే చాలాసార్లు ఆ అవసరమే రాదు.

నీళ్ళ సంగతి కూడా చూసుకోండి. సీతాఫలానికి వేరు దగ్గర నీరు నిలిస్తే పడదు, మీది నల్లరేగడి అయితే మరీ జాగ్రత్త. పాదులో పై మట్టి ఆరాక తడిపితే చాలు. వడగాలి రోజుల్లో పొద్దున్నే ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తే చెట్టు చుట్టూ కాస్త తేమ నిలుస్తుంది.

ఎర్రనేల, కర్నూలు (మే 23)
ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. కొమ్మల కత్తిరింపు. సీతాఫలం మొగ్గ ఆకు తొడిమ అడుగున దాక్కుని ఉంటుంది, బయటికి కనబడదు. ఒక ఆకు మెల్లగా తుంచి చూడండి, తొడిమ ఊడిన చోట మొగ్గ కనిపిస్తుంది. ఆకు ఉన్నంతకాలం అది లేవదు. అందుకే శీతాకాలంలో ఆకు తనంతట రాలాక, ఫిబ్రవరి, మార్చిలో ఎండుపుల్లలు, లోపలికి పెరిగిన సన్నకొమ్మలు తీసేసి, పోయినేటి కొమ్మల కొనలు కత్తిరిస్తాం. ఇంకా ఆకులు మిగిలి ఉంటే చేత్తో దూసేస్తాం. కొత్త చిగురుతోపాటే పూత వస్తుంది. కత్తిరించి ఆకు దూయకుండా వదిలేస్తే చాలా మొగ్గలు నిద్రలోనే ఉండిపోతాయి. కత్తిరిస్తే చెట్టు చేతికందే ఎత్తులో కూడా ఉంటుంది, కుంచెతో అద్దడానికి నిచ్చెన అక్కర్లేదు.

దూరదేశం, ఫ్లోరిడా (మే 26)
మయామీకి దక్షిణాన హోమ్‌స్టెడ్ దగ్గర ఉంటాం. ఇక్కడ దీన్ని షుగర్ ఆపిల్ అంటారు, మన పెరళ్ళలో లాగే పెరుగుతుంది. కాయ పడటం వరకు మీ సమస్యే మాకూ. పడ్డాక ఇంకో బెడద, గింజలో గుడ్డు పెట్టే చిన్న కందిరీగ జాతి పురుగు. కాయ చిన్నగా ఉన్నప్పుడే సంచి తొడిగితే కాయ దక్కుతుంది. మీకు ఉడతలు, గబ్బిలాల బాధ ఉంటుంది కదా, వలసంచి వాటికీ పనికొస్తుంది.

విజయనగరం పెరడు (జూన్ 30)
పిందె పడ్డాక పిండినల్లి మీద కన్నేసి ఉంచండి. కాయ కళ్ళ మధ్య గాడుల్లో తెల్లగా దూదిలా కూర్చుంటుంది. ముదిరితే తేనెలాంటి జిగురు కారి నల్లటి మసి పడుతుంది, కాయ అమ్మడానికే కాదు, తినడానికీ మనసొప్పదు. మా ఇంట్లో మొదట చీమల్ని ఆపుతాం. పిండినల్లిని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి మోసేవి, కాపలా కాసేవి చీమలే. మాను చుట్టూ జానెడు వెడల్పున పాలిథిన్ షీటు చుట్టి, సందు లేకుండా తాడు కట్టి, దాని మీద గ్రీజు రాయాలి. గ్రీజు నేరుగా బెరడుకి రాయకూడదు. నేలకి ఆనే కొమ్మలు, చుట్టూ కలుపు తీసేయాలి, లేకపోతే చీమలు ఆ దారిన ఎక్కుతాయి. అప్పటికే పట్టి ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కాయల మీద పడేలా కొట్టండి. తెల్లని మైనం కుచ్చులతో చురుగ్గా తిరిగే కొంచెం పెద్ద పురుగు కనిపిస్తే చంపకండి. అది క్రిప్టోలీమస్ అక్షింతల పురుగు పిల్ల. చూడ్డానికి పిండినల్లిలాగే ఉంటుంది కానీ దాన్నే తింటుంది.

పెరటిమొక్క (ఆగస్టు 9)
చేత్తో అద్దిన కొమ్మలకి పిందెలు బాగా పట్టాయి, అద్దని కొమ్మలకి అక్కడొకటి ఇక్కడొకటి. కొన్ని పిందెలు వారాల తరబడి అదే సైజులో ఆగిపోయి ఉన్నాయి, భయమేసింది. వానలు బాగా పడ్డాక అవే ఊరడం మొదలుపెట్టాయి. రెండు పిందెలు మాత్రం నల్లగా, రాయిలా గట్టిపడి కొమ్మకే ఉన్నాయి. వాటిని ఉంచాలా? కాయ ఎప్పుడు కోయాలో కూడా చెప్పండి.

ఉద్యానం (ఆగస్టు 9)
నల్లబడి ఎండినవి కోసి దూరంగా పారేయండి. వానాకాలంలో తెగులు వాటిలోనే ఉండి మంచి కాయలకి పాకుతుంది. కింద రాలిన ఆకులు, కాయలు కూడా ఎత్తేయండి. ఇప్పటి నుంచి తడి ఒకేలా ఉండేట్టు చూడండి, బాగా ఎండిన నేల మీద ఒక్కసారిగా పెద్ద వాన పడితే కాయ పగులుతుంది.

పాలమూరు గుట్టలు (ఆగస్టు 10)
పువ్వు నిలిచిన నాటి నుంచి ఇంచుమించు నాలుగు నెలలు పడుతుంది. అన్నీ ఒకేసారి రావు, రోజూ చెట్టు చుట్టూ తిరగాలి. కళ్ళు విచ్చుకుని, వాటి మధ్య గాడులు వెడల్పయి, లేతపసుపో మీగడ రంగో తేలితే కోయొచ్చు. ఆకుపచ్చగా, గాడులు ముడుచుకుని ఉన్నప్పుడు కోస్తే ఎన్నాళ్ళు పెట్టినా పండదు, నల్లబడి పాడైపోతుంది. చెట్టు మీదే మెత్తబడే దాకా ఉంచితే ఉడతల పాలే. చిన్న తొడిమ ఉంచి కత్తెరతో కోసి, వరిగడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెడితే మూడు నాలుగు రోజుల్లో పండుతుంది. గట్టి కాయ ఫ్రిజ్‌లో పెట్టకండి, సరిగ్గా పండదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే గింజల దగ్గర జాగ్రత్త. పేలకని గింజ నూరి తలకి రాయడం మా ఊళ్ళలో పాత అలవాటు, అది కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. మంచి కాయ గింజలు మాత్రం నీడలో ఆరబెట్టి దాచండి, తొలకరికి నాటితే మూడు నాలుగేళ్ళలో కాపుకొస్తాయి. ఎవరికైనా బాలానగర్ గింజలు కావాలంటే ఇక్కడే అడగండి, అక్టోబరులో పంపిస్తాను.